స్టెప్నీ ఓనర్‌ది, కేసు డ్రైవర్ మీద

టైరు పేలి రోడ్డు పక్కకు ఒరిగిన లారీని చూస్తే అందరం డ్రైవర్ గురించే అడుగుతాం. నిద్రపోయాడా, తాగాడా, స్పీడుగా వచ్చాడా? వెనక చక్రాలకు ఏ టైరు ఉంది, దాన్ని ఎవరిచ్చి పంపారు అని మాత్రం అడగం. మొదట అడగాల్సింది అదే.

మన లారీల్లో చాలావాటికి స్టెప్నీ అంటే ఇంకెందుకూ పనికిరాని టైరు. బాగా అరిగాక తీసేసినది, మళ్లీ మళ్లీ రబ్బరు వేయించినది, మిగతావన్నీ రేడియల్ (లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్నవి) అయితే ఎప్పటిదో నైలాన్ దారాలది, ఏదో ఒకటి ఉంటే చాలంటారు. దారిలో పంక్చరైతే అదే చక్రంలోకి ఎక్కుతుంది.

లారీ వెనక రెండేసి టైర్లు ఒకే హబ్‌కు, అంటే చక్రం మధ్యలోని దిమ్మకు, బిగించి ఉంటాయి. ఒకటి ఎన్ని చుట్లు తిరిగితే రెండోదీ అన్నే తిరగాలి. లారీలకు వాడే 1000-20 సైజు టైర్లలో ఆ జత వ్యాసాల మధ్య తేడా అరంగుళం, అంటే సుమారు 13 మిల్లీమీటర్లు దాటకూడదని టైర్లు తెలిసినవాళ్లు చెబుతారు. కొత్త టైరు పక్కన 14 మిల్లీమీటర్లు అరిగిన స్టెప్నీ వేశారనుకోండి, వ్యాసంలో తేడా 28 మిల్లీమీటర్లు. ఒక్కో చుట్టుకు నడిచే దూరంలో తేడా 88 మిల్లీమీటర్లు. కిలోమీటరుకు సుమారు 300 చుట్లు, అంటే 26 మీటర్లు. విజయవాడ నుంచి హైదరాబాద్ చేరేసరికి ఏడు కిలోమీటర్ల తేడా! బరువుకు పెద్ద టైరు అణిగి ఇందులో కొంత సర్దుకుంటుంది, నిజమే. కానీ ఆ అణగడమే ప్రమాదం. చిన్నది రోడ్డుకు రాసుకుంటూ అరిగిపోతుంటే, దాని వాటా బరువు కూడా పెద్దదాని మీదే పడుతుంది. 2018లో కేంద్రం నాలుగు టైర్ల యాక్సిల్ (ఇరుసు) మోసే బరువు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. టైరుకు దాదాపు 2.9 టన్నులు, అదీ నాలుగూ సమానంగా మోస్తేనే. మే నెల ఎండలో సూర్యాపేట దాటేసరికి ఆ పెద్ద టైరు ఎంత వేడెక్కి ఉంటుందో ఊహించండి. లోపలి టైరుకు గాలి దిగితే డ్రైవర్‌కు కనిపించను కూడా కనిపించదు. బండి ఆపి రాడ్డుతో కొట్టి చప్పుడు వినాల్సిందే.

కొత్త టైరు 20 వేలు దాటింది, కిరాయిలు గిట్టడం లేదు, స్టెప్నీ పంక్చర్ షాపు దాకానే కదా అంటారు ఓనర్లు. కిరాయిల మాట నిజం. షాపు దాకా అన్నది నిజం కాదు. ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుంది కాబట్టి ఆ టైరు లోడు దించేదాకా అలాగే ఉంటుంది. రబ్బరు వేయించిన టైరు వద్దని నేననను. పక్కదానికి సరిపోయేది ఇవ్వమంటున్నాను.

మన చట్టం చూపంతా స్టీరింగ్ పట్టుకున్నవాడి మీదే. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసి, పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహితలో రాశారు. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మెకు దిగి, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాకే కేంద్రం దిగొచ్చింది. ఆ ఏడాది జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ నిబంధనను ఆపి ఉంచారు. డ్రైవర్‌కు పదేళ్లు రాసిన చేతికి, అరిగిన టైరిచ్చి పంపినవాడు గుర్తుకు రాలేదు. నెల జీతానికి బండెక్కే మనిషి ఈ టైరుతో నేను వెళ్లనంటే మర్నాడు ఆ సీట్లో ఇంకొకరుంటారు.

టైరు గాట్ల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్న నిబంధన ఉంది. అది చాలదు. రెండు మిల్లీమీటర్లున్న టైరు ఆ పరీక్షలో నెగ్గుతుంది, కొత్తదాని పక్కన మాత్రం ఓడిపోతుంది. ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చిన లారీ స్టెప్నీని కిందికి దింపించి సైజు, రకం, గాట్ల లోతు సర్టిఫికెట్‌లో రాయాలి. టైరు పేలి ప్రాణం పోయిన ప్రతి కేసులో జతలోని రెండు టైర్ల కొలతలూ పోలీసు రికార్డుకు ఎక్కాలి. అవి పొసగవని తేలితే డ్రైవర్ పేరు కంటే ముందు ఓనర్ పేరు రాయాలి.