రెండో నల్లగొండ టెక్నిక్

నీళ్లలో ఫ్లోరైడ్ గురించి మాట్లాడేవాళ్లకు మన జిల్లా పేరు కొత్త కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. రోగం మనది కాబట్టి మందుకూ మన పేరే దక్కింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో జిల్లా పేరు మీద రెండో టెక్నిక్ పుట్టలేదు. దీని గురించి ఏ నాయకుడూ ధర్నా చేసిన దాఖలా లేదు. అందుకే ఆ బాధ్యతను ప్రకాశం బజారు వెనక ఒక డాబా మీద, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేనే నెత్తికెత్తుకున్నాను.

నేను ట్యాంకులు తయారుచేస్తాను.

ఈ మాట చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే: “ఎన్ని లీటర్లది సార్?” నేను నొచ్చుకోను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువాళ్లు ఈ ఇనప బండ్లను కడుతూ, గుట్టు బయటపడకుండా “ఇవి నీళ్ల ట్యాంకులు” అని ప్రచారం చేశారు. శత్రువు కళ్లు కప్పడానికి పెట్టిన ఆ పేరు వందేళ్లు దాటినా మా కాలనీలో దివ్యంగా పనిచేస్తూనే ఉంది.

నావి యుద్ధ ట్యాంకులే. కాకపోతే అరచేతిలో పడతాయి, అంతరిక్షంలో పోరాడతాయి. బల్ల మీద ఇసుక గుట్టలు, కూలిన గోడలు పేర్చి, రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలిపి, టేపుతో అంగుళాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఆడే ఆట ఇది. ఇందులో బాగా పేరున్నది 1987లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కంపెనీ తెచ్చిన వార్‌హామర్ 40,000. సైనికుడి ఎత్తు 28 మిల్లీమీటర్లు. వాడి బండి కొనాలంటే మాత్రం మా ఇంట్లో నెల సరుకులు ఆగాలి. ఈ విషయం మీద మా ఇంటామెతో చర్చలు ఒక్క రౌండులోనే ముగిశాయి. బండ్లు ఇంట్లోనే తయారు కావాలని తీర్మానం జరిగింది.

దీనికి శాస్త్రప్రమాణం లేకపోలేదు. ఆ ఆట పుట్టిన తొలి రోజుల్లో ఆ కంపెనీవాళ్లే డియోడరెంట్ డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, దానికి తుపాకులు అతికించి, గాల్లో తేలే ట్యాంకు అన్నారు. చంకల్లో పూసుకునేది వాళ్లకు యుద్ధవాహనం అయినప్పుడు, మన జండూబామ్ సీసా టరెట్, అంటే ట్యాంకు నెత్తిన తిరిగే ఫిరంగి గూడు, ఎందుకు కాకూడదు?

ఇంకా లోతుకు పోతే ఈ విద్య మీద హక్కు అసలు మనదే. 1915లో తొలి ట్యాంకు నమూనా కట్టింది ఫిరంగుల కంపెనీ కాదు. లింకన్ అనే ఊళ్లో నూర్పిడి మిషన్లు, వ్యవసాయ యంత్రాలు చేసుకునే విలియం ఫోస్టర్ కంపెనీ. అంటే వరి కోతకు చైన్ మిషన్ దిగే ప్రతి ఊరూ ట్యాంకుకు మేనమామ ఊరే. రైసుమిల్లుల మిర్యాలగూడ ఉన్న జిల్లాను వదిలేసి ఈ పరిశ్రమ నాటింగ్‌హామ్‌లో స్థిరపడటం చారిత్రక అన్యాయం అని నా అభిప్రాయం. పోచంపల్లి చీరకు ఇచ్చినట్టు నా ట్యాంకుకూ భౌగోళిక గుర్తింపు ఇవ్వాలని అర్జీ రాసి పెట్టుకున్నాను. జతచేయాల్సిన ఫోటోలో వెనక ఆరేసిన బట్టలు పడ్డాయని పంపలేదు.

ఇక టెక్నిక్. కవచానికి గడువు తీరిన ఏటీఎం కార్డులు. ఏ బ్యాంకుదైనా మందం 0.76 మిల్లీమీటర్లే. ఖాతాలో పైసలు లేకున్నా మందం తగ్గదు. నా సైనికుడు నిజం మనిషంత కావాలంటే 60 రెట్లు పెంచాలి; కార్డునూ అలాగే పెంచి చూస్తే నాలుగున్నర సెంటీమీటర్ల ఉక్కు పలక. పట్టాలకు సైకిల్ చైను, పొగగొట్టాలకు అయిపోయిన రీఫిల్లు, టరెట్ తిప్పడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్. సందులు పూడ్చడానికి ఎం-సీల్. ఫెవిక్విక్ చుక్క మీద చిటికెడు తినే సోడా చల్లితే, అది చేతికి వేడి తగులుతూ కళ్లముందే రాయిలా బిగుసుకుంటుంది. ఇది చూసిన రోజు నాకు జన్మ ధన్యమైంది. మిర్చి బజ్జీల పిండిలోకి సోడా లేని సాయంత్రం మా ఇంట్లో వేరే సంగతి జరిగింది. ప్రధాన ఫిరంగి గురించి ఎక్కువ చెప్పను. గ్యాస్ లైటర్ ఎక్కడ పోయిందో ఇంకా విచారణ నడుస్తోంది.

మన వాతావరణం మాత్రం ఈ కళకు పగ. మే నెలలో డాబా మీద ప్రైమర్ స్ప్రే కొడితే రంగు బండిని చేరేలోపే గాల్లో ఎండిపోయి, సున్నప్పొడిలా రాలి, కవచం గరుకు కాగితమై కూర్చుంటుంది. కానీ ఒక్క విషయంలో మనల్ని కొట్టేవాడు లేడు. బయటి దేశాల్లో కొత్త బండి పాతగా కనపడటానికి స్పాంజితో మరకలు వేసి, పల్చటి నల్లరంగు సందుల్లోకి పారించి, పొడి కుంచెతో అంచులు రుద్ది రాత్రుళ్లు మేల్కొంటారు. నేను పిట్టగోడ మీద పెట్టి ఇంట్లోకి వస్తాను. మూడు రోజుల్లో వెదరింగ్ సంపూర్ణం.

ఇలా పదకొండు ట్యాంకులయ్యాయి. ఎదురు సైన్యం నడపాల్సిన మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు కాబట్టి ప్రస్తుతం విశ్వంలో శాంతి నెలకొని ఉంది.

పన్నెండోది పూర్తయిన రోజు కింది వాటాలో ఉండే సైదులు పైకి వచ్చాడు. సీజన్లో చైన్ మిషన్ నడుపుతాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ట్యాంకును కంటి ఎత్తుకు లేపి, కింద నుంచి మొదలుపెట్టాడు.

“చైన్ల మట్టి ఇర్కితె తీసేటందుకు సందేది సార్?”

లేదు.

“గీ గొట్టం ఇటు తిప్పితె మూత తెరుసుకుంటదా?”

తిప్పి చూశాను. ఫిరంగి సరిగ్గా మూత మీదికి వచ్చి కూర్చుంది.

“మరి డ్రైవరు ఎట్ల ఎక్కుతడు?”

జవాబుగా ఒక సైనికుణ్ని తీసి ద్వారంలో దింపాను. అది టూత్‌పేస్టు మూత. నడుము దాకా దిగి, భుజాల దగ్గర ఆగిపోయాడు. ఈ ఆట జరిగే నలభై వేల సంవత్సరం నాటికి మనుషులకు వేరే ఉపాయం ఉంటుందిలే అన్నాను.

“ఎక్కెటందుకు ఉంటదేమో సార్, మంట లేస్తే దుంకేటందుకు గూడ ఉండాలె గద” అన్నాడు. తర్వాత వెనక భాగం వేలితో తట్టి, “ఫిల్టర్ దినాం రొండు సార్లు దులుపుడుంటది. ఈడ ఒక తలుపు పెట్టుండ్రి, ఇంత” అని బొటనవేలి గోరు చూపించి, బట్టలు తీసుకుని దిగిపోయాడు.

బొటనవేలి గోరంత పలక. కాలనీలో గడువు తీరిన కార్డులన్నీ ఎప్పుడో అయిపోయాయి. కట్టర్ చేతిలో పట్టుకుని పర్సు తెరిచాను. ఉన్న ఒక్క కార్డుకు ఇంకా రెండేళ్ల గడువుంది.