కెర్నెల్ తప్ప అన్నీ సిద్ధం

మా బరంపురం నుంచి త్వరలో ఒక ఆపరేటింగ్ సిస్టం, అంటే కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాము, వెలువడబోతోందని పాఠకులకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. యూనిక్స్ అనే పాత సిస్టం గోత్రం, బహిరంగ సోర్సు (కోడు ఎవరైనా చూడొచ్చు), వెల లేదు. విడుదల కమిటీకి సహాయ కార్యదర్శిని నేనే గనుక ఇందులో అతిశయోక్తికి తావులేదు. పేరు తప్ప, తేదీ తప్ప, సిస్టానికి గుండెకాయలాంటి కెర్నెల్ తప్ప అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

గంజాం జిల్లాలో, పట్టు మగ్గాల వీధిలో ఇదేం పని అని ముక్కున వేలేసుకునే వాళ్ళున్నారు. వాళ్ళకు చరిత్ర తెలియదు. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థి, సరదాకి ఒక సిస్టం రాసుకుంటున్నానని, అది పెద్దదేమీ కాబోదని లోకానికి విన్నవించుకున్నాడు. అందరూ ఆ వినయాన్ని మెచ్చుకుంటారు. నా దృష్టి మాత్రం ఆయన ఇంటిభాష మీద పడింది. ఊరంతా ఫిన్నిష్ మాట్లాడుతుంటే ఇంట్లో స్వీడిష్ మాట్లాడుకునే కుటుంబం వాళ్ళది. బజార్లో ఒక భాష, పెరట్లో ఒక భాష. అంటే అచ్చంగా మా ఇల్లే. అటు హైదరాబాదు వెళ్తే "మీరు ఒడియావాళ్ళు కదా" అంటారు, ఇటు భువనేశ్వర్ వెళ్తే "మీరు తెలుగువాళ్ళు కదా" అంటారు. ఇలా ఎటూకాని చోట పెరిగిన పిల్లవాడికి సొంత సిస్టం రాసుకోవడం తప్ప వేరే దారేముంటుంది? మా కుర్రాళ్ళు ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదన్నదే ప్రశ్న. దానికీ కమిటీ సమాధానం కనిపెట్టింది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ అనే ఆయన, భార్య పసిబిడ్డనెత్తుకుని కాలిఫోర్నియాలోని అత్తవారింటికి వెళ్ళిన సందు చూసుకుని, వారానికొక ముక్క చొప్పున యూనిక్స్ రాసి పడేశాడు. ఇక్కడ గమనించవలసింది ఆయన తెలివితేటలు కావు. కోడలు తనంతట తాను అత్తవారింటికి ప్రయాణం కట్టింది! మన దగ్గర అత్తగారు మన ఇంట్లోనే ఉంటుంది, ఇక కోడలు వెళ్ళేది ఎక్కడికి? పుట్టింటికి వెళ్తుంది, కాదనను. కానీ మూడోరోజుకే మొగుడు తీసుకురావడానికని బయల్దేరి, తనే అక్కడ పదిరోజులు తిష్ఠ వేస్తాడు. మా ఊరి ఠాకురాణి అమ్మవారు సైతం రెండేళ్ళకోసారి చైత్రంలో దేశిబెహెరా వీధికి, పుట్టింటికే వస్తుంది. అత్తవారింటికి వేసవి విడిది వెళ్ళే ఆచారం లేనందువల్లనే ఈ దేశంలో యూనిక్స్ పుట్టలేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మేం ఏకగ్రీవంగా చేసిన తీర్మానం అదొక్కటే.

పేరు దగ్గర మొదటి గొడవ వచ్చింది. ఊరికే మూడు పేర్లున్నాయి: మేం బరంపురం అంటాం, ఇంగ్లీషువాడు బెర్హంపూర్ అన్నాడు, రైల్వేస్టేషన్‌లో బ్రహ్మపుర్ అని ఉంటుంది. ఒకే ఊళ్ళో దిగడానికి మూడు పేర్లు గుర్తుంచుకోవలసిన మాకు సిస్టం పేరు ఒక సాయంత్రంలో తేలుతుందా? ఋషికుల్య అన్నారు, అది పూర్తిగా ఒడిశా నది, తెలుగువాళ్ళకేం మిగిలిందని ఒకాయన లేచిపోయాడు. వంశధార అన్నారు, ఆ నీళ్ళ మీద రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ దాకా వెళ్ళాయి, మనకెందుకని కోశాధికారి భయపడ్డాడు. మహేంద్ర అంటే ట్రాక్టరనుకుంటారు. నిజానికి లైనస్ తన సిస్టానికి ఫ్రీక్స్ అని పేరు పెట్టుకున్నాడు. సర్వరు చూసుకునే అరీ లెమ్కేకి అది నచ్చక, మాటైనా చెప్పకుండా లినక్స్ అనే ఫోల్డరులో పడేశాడు. అంతే, అదే నిలిచిపోయింది. కమిటీ వేసి ఉంటే ఈపాటికి ఫ్రీక్సూ ఉండేది కాదు, లినక్సూ ఉండేది కాదు. ప్రజాస్వామ్యబద్ధమైన చర్చ మాత్రం ఉండేది.

ఇక అనువాదం. సిస్టం ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడాలన్నది మా పట్టుదల. అనువాద ఉపసంఘానికి మా సిద్ధాంతిగారు అధ్యక్షులు. కంప్యూటరు తెలియకపోయినా ఆయనకు రెండు లిపులూ వచ్చు, పైగా పంచాంగం గుణిస్తారు. మొదటి రోజే, నడుస్తున్న ప్రోగ్రామును ఆపే "కిల్" అనే ఆదేశం దగ్గర ఆగిపోయారు. "శుభమా అని మొదలుపెట్టి చంపు అని రాయమంటారేటి?" అన్నారు. "ముగించు" అన్నాం. సరే అన్నారు. తర్వాత యూనిక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామునూ ప్రాసెస్ అంటారని, తల్లి ప్రాసెస్ ఉంటుందని, అది పిల్ల ప్రాసెస్‌ను కంటుందని, తల్లి ముందే పోతే అనాథ పిల్లను మొట్టమొదటి ప్రాసెస్ దత్తత తీసుకుంటుందని మా జెరాక్సు కుర్రాడు వివరించాడు. సిద్ధాంతిగారి కళ్ళు చెమర్చాయి. "ఎంత ధర్మం!" అన్నారు. అక్కడితో ఆపవలసింది. కుర్రాడు జాంబీ గురించి కూడా చెప్పాడు: పిల్ల ప్రాసెస్ పోతుంది, కానీ తల్లి వచ్చి ఆ సంగతి నమోదు చేసుకునేదాకా దాని పేరు పట్టికలోంచి పోదు, అలా వేలాడుతూనే ఉంటుంది.

"అంటే కర్మ జరగని ప్రేతం," అన్నారు సిద్ధాంతిగారు.

"అదే బాబుగారూ."

"కొడుకు పోతే కర్మ తల్లి చెయ్యాలా? ఇదెక్కడి శాస్త్రం? ఆ అమెరికావాడికి ఫోను చేసి మార్పించండి."

దీని మీద నాలుగు సమావేశాలు జరిగాయి. "ప్రేత ప్రాసెస్" అనే మాట ఖాయమైంది, పాఠకులు వాడుకోవచ్చు, హక్కులు అందరివీ. అయితే "పాస్‌వర్డు తప్పు" అన్నది మర్యాదగా లేదని అధ్యక్షులవారికి తోచి "తమరు దయచేసిన పాస్‌వర్డు కుదరలేదు" అని మార్చాం. ఇప్పుడది తెరలో పట్టడం లేదు.

తెర మీద ముందు ఏ భాష రావాలన్నది ఇంకా తేలలేదు. తేలదు కూడా. అప్పుడు ఎవరో కొఠియా ఊళ్ళ సంగతి ఎత్తారు. కోరాపుట్ జిల్లా అంచున, సాలూరు కొండల మీద ఇరవై ఒక్క ఊళ్ళు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర కొట్టుకుంటున్నాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో కోర్టు ఆ దావాను విచారణార్హం కాదని తీసి పక్కన పెట్టింది. 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టుధిక్కారం అంది. అక్కడివాళ్ళు అటు ఓటేస్తారు, ఇటు ఓటేస్తారు, బియ్యం ఎవరిస్తే వాళ్ళ దగ్గర తీసుకుంటారు. ప్రపంచం దీన్ని సరిహద్దు వివాదం అంటోంది. సాంకేతికంగా దీని పేరు డ్యూయల్ బూట్. ఒకే డిస్కు మీద రెండు సిస్టాలు. పొద్దున్న లేవగానే ఎందులోకి వెళ్తావని అడిగే గ్రబ్ అనే చిన్న తెర ఒకటి ఉంటుంది చూడండి, కొఠియావాళ్ళు దాని ముందే పుట్టారు, దాని ముందే ముసలివాళ్ళయ్యారు. ఒక సిస్టంలో రోడ్డు రాకపోతే ఇంకోదాంట్లోకి రీబూట్ చేసుకుంటారు. వీళ్ళను మించిన పరీక్షకులు దొరకరని నేను వాదించాను. కొండెక్కడానికి కమిటీలో ఎవరికీ మోకాళ్ళు సహకరించవని వాదన వీగిపోయింది.

లైసెన్సు విషయంలో మాత్రం నాకు స్పష్టమైన అభిప్రాయముంది. రెండు రకాలున్నాయి. జీపీఎల్ అన్నది పెళ్ళి చదివింపుల్లాంటిది. మీరు తిన్నారు, బాగుంది, రేపు మీరు దానికేమైనా కలిపి పదిమందికి పంచితే, ఆ కలిపిందేమిటో కూడా విప్పి వాళ్ళ ముందు పెట్టాలి, పుస్తకంలో రాసుకుని ఉంటారు. బీఎస్డీ అన్నది గుళ్ళో ఫ్యాను. ఎవరైనా గాలి పీల్చుకోవచ్చు, కావాలంటే విప్పి ఇంటికి పట్టుకుపోవచ్చు. రెక్క మీద దాత పేరు మాత్రం చెరపకూడదు. యాపిల్ కంపెనీ తన సిస్టంలోకి, సోనీ కంపెనీ తన ప్లేస్టేషన్ 4 లోకి ఫ్రీబీఎస్డీ అనే సిస్టంలోని ఫ్యాన్లు ఇలాగే పట్టుకెళ్ళాయి, పేరు చెరపలేదు, తప్పేమీ లేదు. మా కమిటీ రెండోదాన్నే ఎంచుకుంది. సిస్టం ఎవరు పట్టుకుపోయినా ఫర్వాలేదు, రెక్క మీద పేరుంటే చాలని ఇరవై నలుగురం సంతకాలు పెట్టాం. రెక్కలు మూడే కదా అని కుర్రాడు గొణిగాడు, నేను విననట్టు ఊరుకున్నాను.

ఆ తర్వాత చీలిక వచ్చింది. దీన్ని ఇంగ్లీషులో ఫోర్క్ అని గొప్పగా చెప్పుకుంటారు, మన వేరుకుంపటే. ఆ లైసెన్సుకు పేరిచ్చిన బీఎస్డీ అనే యూనిక్స్ ఇంటివాళ్ళకు ఇది కొట్టినపిండి. 1992లో యూనిక్స్ హక్కులు మావని ఒక కంపెనీ వాళ్ళ మీద దావా వేసింది. రెండేళ్ళు నడిచి, చివరికి పద్దెనిమిది వేల ఫైళ్ళలో తీసెయ్యవలసినవి మూడంటే మూడని తేలింది. ఆ మూడింటి కోసం కోర్టు మెట్లెక్కినంత కాలంలో లినక్స్ ఊరంతా తిరిగొచ్చింది. ఈలోపల 1993లో ఫ్రీబీఎస్డీ ఒక పొయ్యి, నెట్‌బీఎస్డీ ఒక పొయ్యి వెలిగించుకున్నాయి. నెట్‌బీఎస్డీ ఇంట్లో తగువై బయటికొచ్చిన థియో డి రాట్ 1995లో ఓపెన్‌బీఎస్డీ అని ఇంకో పొయ్యి పెట్టాడు. 2003లో డ్రాగన్‌ఫ్లై. మాకు ఇవన్నీ కొత్తవి కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఊరు ఇటొచ్చింది, జమీందారీలో చాలా భాగం అటు మద్రాసులో ఉండిపోయింది. దేవుడి గది ఒకరికి, బావి ఒకరికి వచ్చినట్టు. (ఏప్రిల్ ఒకటో తారీఖున పంపకాలు పెట్టిన మహానుభావుణ్ణి నేనెరగను, ఎరిగితే మా కమిటీలోకి పిలిచేవాణ్ణి.) ఆ అనుభవంతోనే మా కమిటీ కూడా రెండయింది. ఇప్పుడు పర్లాకిమిడి శాఖ విడిగా విడుదల చేస్తానంటోంది. వాళ్ళదీ మాదీ ఒకటే సిస్టం, వాల్‌పేపర్ వేరు. మాది గోపాల్‌పూర్ సముద్రం, వాళ్ళది మహేంద్రగిరి.

తేదీ సంగతి. లినక్సు మీద కట్టిన ఉబుంటు అనే సిస్టం ఆరు నెలలకోసారి చెప్పిన నెలకు వస్తుంది, రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో పెద్దది వస్తుంది. అమ్మవారి యాత్ర లెక్కే. అలాంటిదే ఇంకొకటైన డెబియన్‌వాళ్ళు సిద్ధమైనప్పుడే వస్తుందంటారు, అది మా ఎలక్ట్రీషియన్ లెక్క. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంఘంవాళ్ళ హర్డ్ అనే కెర్నెల్ 1990లో మొదలై ఇంకా 1.0 (తొలి పూర్తి విడుదల) కూడా కాలేదు, దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో తెలియదు. మావాళ్ళలో తెలుగువారు ఉగాది అన్నారు, ఒడియావారు పణా సంక్రాంతి అన్నారు. సిద్ధాంతిగారు యూనిక్స్ పంచాంగం చూస్తానన్నారు. అందులో కాలం 1970 జనవరి 1 నుంచి సెకన్లలో నడుస్తుందని, పాత ముప్ఫైరెండు బిట్ల లెక్కలో అది 2038 జనవరి 19తో నిండిపోతుందని కుర్రాడు చెప్పాడు. సిద్ధాంతిగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "మంగళవారం. నేను ముందే చెప్తే వినరు కదా," అన్నారు. మంగళవారమే. క్యాలెండరులో నేనూ చూశాను.

చివరికి అమ్మవారి యాత్రలోనే విడుదలని ఖాయమైంది. ఘటాల వెనక పులివేషాలతోపాటు మావాడొకడు లినక్సువారి పెంగ్విన్ వేషం కడతాడు. రిహార్సల్లో వీధి పిల్లలు కాకి, కాకి అని వెంటపడ్డారు. బీఎస్డీవారి ఎర్ర కొమ్ముల బొమ్మ కూడా సిద్ధం చేశాం. దాని చేతిలో శూలం చూసి పక్కింటి అప్ప రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది కాబట్టి ప్రజాదరణకు లోటులేదు.

ఇక కెర్నెల్. లైనస్ మొదట వదిలిన 0.01 అనే తొలి కెర్నెల్ పదివేల చిల్లర వరసల కోడు. కీబోర్డు ఫిన్లాండుదే అనుకుని రాశాడు, మిగతా ప్రపంచం సర్దుకుంది. 1994 మార్చిలో 1.0 వచ్చేసరికి లక్షా డెబ్బయి ఆరువేలు దాటింది. మనం ఎన్ని వరసలు రాయాలని అధ్యక్షులవారు అడిగితే, ఉన్నదాన్ని దించుకుంటే సరిపోతుందని కుర్రాడు అన్నాడు. "హౌ భాయినా, అయితే అది అయిపోయినట్టే," అని మినిట్సులో రాయించారు. ఇంకా దించుకోలేదు, నెట్ ప్యాకు ఎవరు వెయ్యాలో తేలాలి.

ఈ కుర్రాడి గురించి రెండు ముక్కలు. గిరి రోడ్డు దగ్గర జెరాక్సు షాపులో పనిచేస్తాడు, పెళ్ళిపత్రికలు కూడా వేస్తాడు. అతని కంప్యూటర్లో లినక్సే. "శ్రీ మహాలక్ష్మ్యై నమః" అని కొట్టి ప్రింటిస్తే, క్ష్మ్యై విడిపోయి మూడు ముక్కలై పక్క గడిలో పడేదట. తండ్రి మగ్గం నేస్తాడు, తెగిన పోగు ఎక్కడుందో వెతికి అతకడం ఇంటి విద్య. ఆర్నెల్లు రాత్రిపూట కూర్చుని, ఆ తప్పెక్కడుందో పట్టుకుని, పదకొండు వరసల అతుకు రాసి, ముక్కూమొహం తెలియని దేశాల వాళ్ళకు పంపాడు. వాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారట, మూడోసారి కలుపుకున్నారు. సమావేశంలో ఈ మాట చెప్తే, కమిటీ అనుమతి లేకుండా బయటి సిస్టానికి పనిచెయ్యడం ఏమిటని సంజాయిషీ అడిగాం. "మన సిస్టం ఇంకా లేదు కదండీ," అన్నాడు. కుర్రతనం.

విడుదల ఆహ్వానపత్రికలు నిన్ననే అతని దగ్గర వేయించాం. మహాలక్ష్మ్యై చక్కగా, ఒక్క ఒత్తు చెదరకుండా వచ్చింది. దాని కింద అధ్యక్షులు, గౌరవాధ్యక్షులు, ఉపాధ్యక్షులు, అందరివీ కలిపి ఇరవై నాలుగు పేర్లు. అతని పేరుకు చోటు చాలలేదు. ప్రింటు తీసింది తనే కాబట్టి కార్యక్రమం వేళ అతనికి విడిగా చెప్పనవసరం లేదు.