మా ఫ్యామిలీ గ్రూపులోని తలకోన ఫొటోకి

మహారాజశ్రీ తలకోన జలపాతం ఫొటో గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, నా కుడి మోకాలు తప్ప. మీ క్షేమం అడగనక్కర్లేదు. మీకు ఎండ లేదు, ఏప్రిల్ లేదు, ఎప్పుడు చూసినా ఒకటే ధార.

మీరు మా గ్రూపులోకి వేంచేసింది ఏప్రిల్ రెండో శనివారం పొద్దున ఆరున్నరకి. మా చిన్నత్త శుభోదయం అని రాసి పంపింది. నల్లటి బండ మీదినుంచి, చిలికిన మజ్జిగని ఎవరో కుండతో వంచినట్టు, తెల్లగా మీరు. చుట్టూ పచ్చదనం. ఒక్క మనిషి లేడు. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి, మనిషి లేని చోటు ఫొటోలో కనిపించినా నాకు కళ్లు చెమరుస్తాయి. “ఇంత దగ్గర పెట్టుకొని ఊటీ ఎందుకురా?” అన్నాడు మా మామ. అంతే. పదకొండు మందిమి, రెండు కార్లు, ఒక గంపెడు చిత్రాన్నం.

భాకరాపేట ఘాట్ మలుపుల్లో మా చిన్నది రెండుసార్లు వాంతి చేసుకుంది. మీలో ఘాట్ కనిపించదు లెండి, అది మీ తప్పు కాదు. నెరబైలు దగ్గర టీకి ఆగితే, అంగడి పెద్దాయన గ్లాసులు కడుగుతూ అడిగాడు.

“యాడికి సామీ, తలకోనకా? ఈ ఎండల్లోనా?”

మామకి రోషం వచ్చి ఫోన్ తీసి మిమ్మల్ని చూపించాడు. పెద్దాయన చేతులు తుడుచుకొని, ఫోన్ దూరంగా పట్టుకొని చాలాసేపు చూశాడు.

“బాగుండాది. కార్తీకంలో తీసినట్టుండారే!”

ఆ ముక్క మీ కింద ఒక్క లైను రాసి ఉంటే నా మోకాలు బతికేది. మా వైపు గట్టి వానలు అక్టోబరు నుంచే, కొండ ఊరేది ఆ వానలకే. ఏప్రిల్‌లో మిమ్మల్ని వెతుక్కుంటూ పోవడమంటే మామిడికాయ కోసం సంక్రాంతికి తోటకి పోవడమే.

సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకొని నడక మొదలుపెట్టాం. మెట్లు, రాళ్లు, మళ్లీ మెట్లు. చివరికి చేరాం. న్యాయం చెప్పాలంటే కొండ ఎక్కడికీ పోలేదు, 270 అడుగులూ అట్లే నిలబడి ఉంది. నీళ్లే, మా వీధి కొళాయిలో వచ్చేదానికంటే ఒక చెంబు ఎక్కువ. అందులో సగం గాలికి పక్కకి కొట్టుకుపోతోంది. మిగిలిన సగం కింద వంద మంది నిలబడ్డారు. ఎవరో అలవాటు కొద్దీ “జరగండి, జరగండి!” అని అరిచారు. ఆ మాట వినగానే మా అత్త, అదీ అలవాటు కొద్దీ, చేతులు జోడించి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి జనం ఆమెను అవతలికి చేర్చేశారు.

“తల తడిసిందా అత్తా?”

“దర్శనమైందిలే నాయనా.”

వానాకాలంలో రావచ్చు కదా అంటారా? 2021 నవంబరులో పడింది వాన. మా ఊరి కపిలతీర్థంలో మీ చుట్టం, అక్కడి జలపాతం, ఎర్రటి నీళ్లతో దూకిన దూకుడు చూశాం, మా ఊళ్లో వీధులే వాగులయ్యాయి. అట్లా కొండ పొంగినప్పుడు మీ దగ్గరికి ఎవరినీ రానివ్వరు. రానిచ్చే రోజుల్లో మీరుండరు. మీ అపాయింట్‌మెంట్ కంటే ఆర్జితసేవ టికెట్ సులువు.

మీలో లేనిది ఒకటి మాత్రం నాకు బాగా నచ్చింది. గిల్లతీగ. తొడ లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీదినుంచి ఇంకో చెట్టు మీదికి పాకి, ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. మూరెడుకు మించిన కాయలు కాస్తుందట. మావాడు దాని మొదలు వెతుకుతూ అరగంట ఫోన్ అడగలేదు. దాన్ని ఎవరూ గ్రూపుల్లో పంపరెందుకో. ఫొటోలో ఇమడదనేమో.

మేం తీగని చూస్తుండగా కోతి చిత్రాన్నం చూసుకుంది. గిన్నె మూత తీసి, పక్కన పెట్టి, వేరుశనగపప్పులు ఏరుకొని తిని, అన్నం మాకు వదిలేసింది. ఊరమిరపకాయ కొరికి మా మామ వైపు చూసిన చూపు మాత్రం నేను మర్చిపోలేను.

ఇక అసలు సంగతి. బయలుదేరేముందు నేనూ ఒక ఫొటో తీశాను. బండ మీద బోర్లా పడుకొని, ఫోన్ నేలకి ఆనించి తీస్తే ఆ చెంబెడు నీళ్లే ధారలాగా కనిపించాయి. ఎడమపక్క చెప్పులు, కుడిపక్క మామ తువ్వాలు, కింద నీలం కవరు కత్తిరించాను. పైన కొంచెం పచ్చదనం పెంచాను. ఒక్క మనిషి లేడు. గ్రూపులో పెట్టాను.

మీకు తమ్ముడు పుట్టాడన్నమాట.

రెండు నిమిషాల్లో బెంగళూరు నుంచి మా బావమరిది. “బావా, సూపర్! వచ్చే ఆదివారం వస్తా ఉండాం, తొమ్మిది మందిమి.” ఎండల సంగతి చెబుదామని టైపు చేసి, మా అత్త పక్కనే చూస్తోందని చెరిపేశాను. చిత్రాన్నం ఎంత చెయ్యాలని మా ఆవిడ అడిగింది. పదకొండు మందికి చెయ్యమన్నాను, వేరుశనగపప్పులు విడిగా కట్టమన్నాను.

ఇట్లు,
తమ తమ్ముడి ఫొటోగ్రాఫర్,
తిరుపతి.