ప్రాథమిక వైద్యంలో జట్టు: కింద చూసింది పైకి చేరిందా?

కోవిడ్ సోకినవారిలో కొందరికి ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోతుంది. మాట్లాడుతుంటారు, తింటుంటారు, బాగానే ఉన్నామంటారు. ఇంటికి వెళ్లిన ఆరోగ్య కార్యకర్త వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 88 శాతమే కనిపిస్తుంది. ఇక అంతా ఆమె చేసే ఫోన్ మీదే ఉంటుంది. అవతల నర్సు ఫోన్ ఎత్తాలి. కార్యకర్త మాట నమ్మాలి. డాక్టరుకు చెప్పాలి. అంబులెన్సు, పడక చూసేవారికి కబురందాలి. మధ్యలో ఒక్కరు 'ఆమెకు సరిగ్గా చూడటం వచ్చో రాదో, రేపు చూద్దాంలే' అనుకున్నా ఆ రాత్రి గడవకపోవచ్చు.

మహమ్మారి రోజుల్లో ప్రాథమిక వైద్య సిబ్బంది కలిసి పనిచేసిన తీరు గురించి రాసేవాళ్లం ఎక్కువగా త్యాగం గురించే రాశాం. ఆ త్యాగం నిజం. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచమంతటా దాదాపు 1,15,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కానీ పొగిడి ఊరుకుంటే అసలు ప్రశ్న మరుగునపడుతుంది. కింద ఉన్నవారు చూసింది పైవారికి చేరిందా? ఎంతసేపటికి చేరింది?

ప్రాథమిక వైద్యంపై 1978లో జరిగిన అంతర్జాతీయ సదస్సు చేసిన ఆల్మా-అటా ప్రకటనలోనే దీనికి పునాది ఉంది. డాక్టర్లు, నర్సులు, ప్రసూతి సహాయకులు, ప్రజల మధ్య తిరిగే కార్యకర్తలు ఒక ఆరోగ్య జట్టుగా పనిచేయాలని, అందుకు సాంకేతిక శిక్షణతో పాటు సామాజిక శిక్షణా ఉండాలని అందులో రాశారు. మొదటి శిక్షణ మీద పెట్టిన శ్రద్ధ రెండోదాని మీద పెట్టలేదన్నది నా అభిప్రాయం. డాక్టరు చదువు వేరు, నర్సు చదువు వేరు, ఫార్మసిస్టు చదువు వేరు. ఒకరి పని ఒకరికి తెలిసేది ఉద్యోగంలో చేరాకే. అలాంటివాళ్లు ఉన్నట్టుండి ఒకే గదిలో మాస్కుల వెనక నుంచి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

అసలు ఒకే గదిలో ఉండే వీలు కూడా చాలాచోట్ల లేకపోయింది. ఒకరికి వైరస్ సోకితే ఆరోగ్య కేంద్రం మొత్తం మూతపడకుండా సిబ్బందిని రెండు బ్యాచ్‌లుగా విడగొట్టారు. ఒక బ్యాచ్ వచ్చేసరికి రెండోది వెళ్లిపోవాలి, ఇద్దరూ ఎదురుపడకూడదు. మంచి ఆలోచనే, ప్రాణాలు కాపాడింది. అయితే డ్యూటీ మారేటప్పుడు నిలబడి మాట్లాడుకునే ఆ ఐదు నిమిషాలు దాంతో పోయాయి. 'ఆ పెద్దాయన మందులు వేసుకోవడం లేదనుకుంటా, భార్యను విడిగా అడగండి' లాంటి మాట రిజిస్టరులో ఏ గడిలో రాస్తారు? దాన్ని నోటితోనే చెప్పాలి. ఎదురుపడలేకపోతే ఫోన్‌లోనైనా చెప్పడానికి సమయం కేటాయించాలి, దాన్ని పని గంటల్లో లెక్కవేయాలి.

ఆ లోటు వాట్సాప్ గ్రూపులతో తీరిందంటే నేను ఒప్పుకోను. పొద్దుపోయాక ఆదేశాలు, తెల్లారేలోగా నివేదికలు, కింద వరుసగా 'సరే సర్'లు. పై నుంచి కిందికి కబురు అంత వేగంగా ఎన్నడూ రాలేదు. కింది నుంచి పైకి వెళ్లాల్సిన మాటకు అందరూ చూసే ఆ గ్రూపులో చోటు లేదు. మాస్కులు అయిపోయాయని రాస్తే ఫిర్యాదుగా కనిపిస్తుందన్న భయం ఎంతమంది వేళ్లను ఆపిందో.

ఈ భయం గురించి ఒక విలువైన పరిశోధన ఉంది. 1990ల్లో అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువగా ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువగా కనిపించాయి. కారణం ఏమిటంటే, ఆ బృందాల్లో తప్పు జరిగిందని చెప్పడానికి ఎవరూ జంకలేదు. మిగతాచోట్ల దాచుకున్నారు. వారం వారం మార్గదర్శకాలు మారిపోయే మహమ్మారిలో పొరపాటు తప్పదు. అది సాయంత్రానికే బయటపడితే సరిదిద్దుకోవచ్చు. అందుకే ఒక కేంద్రంలో జట్టు ఉందో లేదో తెలుసుకోవాలంటే నేను చూసేది ఒక్కటే: అక్కడ అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి డాక్టరుతో 'ఇది సరికాదేమోనండి' అనగలుగుతోందా?

బ్రెజిల్ 1994లో మొదలుపెట్టిన కుటుంబ ఆరోగ్య కార్యక్రమంలో డాక్టరు, నర్సు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు ఒకే బృందం. నిర్ణీత ప్రాంతంలోని కుటుంబాల బాధ్యత అందరిదీ కలిపి. అలాంటి ఏర్పాటును ఏళ్ల తరబడి నిలబెట్టుకుంటూ రావాలి. వైరస్ వచ్చాక ఉత్తర్వుతో పుట్టించడం కుదరదు.

జట్టు చెదిరితే కోవిడ్‌తో సంబంధం లేనివారూ నష్టపోతారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2.5 కోట్ల మంది పిల్లలకు డీటీపీ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు రాకుండా వేసే) టీకా డోసుల్లో ఒకటో, అంతకంటే ఎక్కువో అందలేదు. సిబ్బందిని కోవిడ్ పనికి మళ్లించడం అందుకు ఒక కారణం. ఏ ఇంట్లో ఏ బిడ్డకు డోసు తప్పిందో ఆ వీధుల్లో తిరిగే కార్యకర్తకు తెలుసు, చాలాసార్లు ఆమె నోటుబుక్కులో రాసి కూడా ఉంటుంది. టీకాల ప్రణాళిక వేసే సమావేశంలో ఆమెకు కుర్చీ వేయాలి. ఆ రోజు జీతం కోయకుండా వేయాలి.