ముద్దాయి పచ్చసొన

నెల్లూరులో పొద్దున ఆరు కొట్టేసరికి ఒక కోర్టు కొలువుదీరుతుంది. వకీళ్లుండరు, సాక్షులుండరు. వాకింగ్ గ్రౌండ్ గేటు పక్కన ఉడకబెట్టిన గుడ్ల బండి ఉంటుంది, అంతే. ముద్దాయి పచ్చసొన. నేరం: గుండెపోటు తెప్పించుట. తీర్పు ఎప్పుడో రాసిపెట్టేశారు గనక విచారణకు అర నిమిషం కూడా పట్టదు.

బండి అబ్బాయి వేడినీళ్లలోంచి గుడ్డు తీసి, గిన్నె అంచుకేసి కొట్టి, పెంకు ఒలిచి, దారంతో నిలువునా కోస్తాడు. బొటనవేలితో ఒక్క తోపు. పచ్చటి ఉండ కిందున్న బకెట్లో పడుతుంది. ఖాళీ అయిన తెల్లటి దొప్పల్లో ఉప్పు, మిరియాలపొడి చల్లి కాగితం ముక్కలో పెట్టిస్తాడు.

"అబ్బయ్యా, పసుపు రవ్వంత కూడా అంటుకోలేదు గదా?"

"యాడుంది సార్, మొత్తం తీసేసినా."

బకెట్లోకి ఏమేం పోయిందో పంచనామా రాద్దాం. 50 గ్రాముల గుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రొటీను ఉంటుంది. అందులో రెండున్నర గ్రాముల పైచిలుకు సొనదే. ఎ విటమిను, డి విటమిను, మెదడుకు పనికొచ్చే కోలిన్, కంటికి మంచిదనే లూటీన్ ఇంచుమించు మొత్తంగా, బి12, ఇనుము చాలావరకు అక్కడే ఉంటాయి. సారు నోట్లోకి వెళ్లింది మూడున్నర గ్రాముల ప్రొటీను, బోలెడు నీళ్లు. నీళ్లు మంచివే, కాదనను. పెన్నలో కూడా ఉంటాయి, ఉన్నప్పుడు.

కేసు పాతదే. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు సొనలు మించొద్దంది, రోజుకు కొలెస్టరాల్ 300 మిల్లీగ్రాములు దాటొద్దంది. ఒక్క సొనలోనే 185 దాకా ఉంటుంది మరి, దొరికిపోయింది. తర్వాత తేలిందేమిటంటే, మన ఒంట్లో కొలెస్టరాల్ ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేసుకుంటుంది. చాలామందికి రక్తంలో చెడ్డ కొలెస్టరాల్‌ను గుడ్డు కన్నా నెయ్యి, వెన్న, డాల్డాల కొవ్వే ఎక్కువ పెంచుతుంది. 2015-20 అమెరికా ఆహార మార్గదర్శకాల్లో ఆ 300 హద్దు ఎత్తేశారు. (షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరు మాట వినాలి, నా మాట కాదు.) ముద్దాయి విడుదల కాగితం మాత్రం ఇంకా మన ఊరు చేరలేదు. కృష్ణపట్నం పోర్టులో ఏ కంటైనరు అడుగున ఇరుక్కుందో!

జడ్జీలు అక్కణ్నుంచి నేరుగా టిఫినుకు వెళ్తారు. నెయ్యి కారం దోసె. పెనం మీద నెయ్యి పోస్తుంటే "చాల్లే" అన్న మగాణ్ని నేనింతవరకు చూళ్లేదు. ఇంటికి చుట్టాలొస్తే మలై కాజా. రాత్రికి చేపల పులుసు, పైన తేలే నూనెతో సహా. ఇదంతా మన సంస్కృతి. సంస్కృతిలో కొలెస్టరాల్ ఉండదు.

అన్ని సొనలకూ ఒకే శిక్షా అంటే అదీ లేదు. ఫారం గుడ్డులో ఉంటే విషం, నాటుకోడి గుడ్డులో ఉంటే మందు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, సొన రంగు మేతను బట్టి వస్తుంది. మేతలో కాస్త బంతిపూల సారం కలిపితే ఫారం కోడి కూడా నారింజ రంగు సొన పెడుతుంది. ఎవరికి చెప్తాం? ఒంగోలు నుంచి అత్తగారు తవుట్లో దాచి పంపిన నాటుగుడ్డయితే, అల్లుణ్ని సొన తీసి పారేయమనండి చూద్దాం!

జిమ్ము కుర్రాళ్లది వేరే బెంచి. పచ్చిగుడ్లు గ్లాసులో కొట్టుకుని గటగటా తాగుతారు. ఉడికిన గుడ్డు ప్రొటీను 90 శాతం దాకా ఒంటబడుతుంది, పచ్చిది సగమే. మిగతా సగం ఏమవుతుందో మర్యాదస్తులు చదివే చోట రాయకూడదు.

సర్కారు బడిలో మధ్యాహ్నం గుడ్డు పెడితే పిల్లలు తెల్లది ముందు తినేసి, సొనను ఆఖరి ముద్దకు దాచుకుంటారు. వాళ్లకింకా చదువు పూర్తికాలేదు గదా.

బకెట్ సంగతి చెప్పలేదు కదూ. బేరాలయ్యాక బండి అబ్బాయి దాన్ని గేటు దగ్గరి కుక్క ముందు బోర్లిస్తాడు. ఆ గ్రౌండ్ చుట్టుపక్కల శాస్త్రోక్తంగా తింటున్న ప్రాణి అదొక్కటే. బొచ్చు నిగనిగలాడుతుంటుంది. సార్లు రెండో రౌండుకే ఆయాసపడుతుంటే అది ఆటోలను తరిమి తరిమి వస్తుంది. దాని కష్టాలు దానికున్నాయి. సోమవారం శివుడు, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న. ఆ రోజుల్లో సార్లు తెల్లసొన కూడా ముట్టరు. ఇక కార్తీక మాసమొస్తే బండే కనపడదు. ఆ నెల్లాళ్లూ ఆ మూగజీవానికి బి12 ఎవరు సరఫరా చేయాలో నగరపాలక సంస్థ ఇప్పుడే టెండర్లు పిలిస్తే మంచిది.