పద్దెనిమిది అడుగుల అద్దానికి, తుడిచేటోడు రాసిన ఉత్తరం

మహారాజశ్రీ అద్దం దొరవారి సముఖానికి, నెలకోసారి నిన్ను తుడిచేటోడు దండం పెట్టి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమమే, నా నడుము ఒక్కటి పట్టేసింది, నువ్వు కూడ అక్కడ మరక లేకుండ క్షేమంగ ఉన్నవని తలుస్తున్న. అబద్ధం ఎందుకు, తలుస్తలేను. ఉండవని తెల్సు. ఇయ్యాల పొద్దున నిన్ను తళతళ మెరిపిచ్చి, తాడు దిగి, బెల్టు ఇప్పుకునే లోపల్నే గోరింక ఒకటి వచ్చింది, నీల దాని బొమ్మ జూసి ఇంకో గోరింక అనుకొని ముక్కుతోని పొడిచి పొడిచి అలిసిపోయి, పోతా పోతా రెట్ట ఏసి పోయింది. దాని మీద నాకేం కోపం లేదు. నీ మీద ఉన్న అభిప్రాయం నీ మొకానే చెప్పి పోయింది అదొక్కటే.

నీ సంగతి తెల్వనోళ్లకు చెప్పాలె గదా. మిర్యాలగూడ దాటినంక కాలువ పక్కన పొలాల్ల సేటు కట్టిన బంగ్లా, పేరు వద్దులే, కూలి లేటుగ ఇచ్చినా ఇచ్చే ఇల్లే. హాలు రెండంతస్తుల ఎత్తు. గోడ ఉండాల్సిన జాగల నువ్వు, కింద పదడుగులు పైన ఎనిమిదడుగులు, ఐదడుగుల వెడల్పు ముక్కలు వరుసగ ఎనిమిది, మందం 12 ఎంఎం. ఈ అద్దాలకు ఒక లెక్క ఉన్నది, ఒక ఎంఎం మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు, అంటే నువ్వు మీటరుకు 30 కిలోలు, నీ కింది ముక్క ఒక్కటే దగ్గర దగ్గర 140 కిలోలు. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల జోకే నలభై కిలోల వడ్ల బస్తాలు మూడున్నర అన్నట్టు. మా నాయిన బస్తాలకు తేమ అన్నరు, తాలు అన్నరు, తరుగు తీసిన్రు, నీ బరువుకు మాత్రం ఎవ్వడు తరుగు తియ్యలే. క్రేన్ తెచ్చి, రబ్బరు కప్పులు కరిపిచ్చి, తొట్టెలల పిల్లను పండవెట్టినట్టు మెల్లగ దింపిన్రంట, వాచ్‌మెన్ తాత ఇప్పటికీ చేతులు గాలిల లేపి చూపిస్తడు.

సరే ఇంత పెద్దగ ఎందుకు పెట్టిచ్చిన్రయ్యా నిన్ను అంటే, వెలుతురు కోసమంట, వ్యూ కోసమంట. నీ అవతల కనపడేది ఏంది? సేటు మిల్లు. మిల్లు పక్కన ఊక కుప్ప. ఊక మీద ఎగిరే కాకులు. బాయిల్డ్ రైస్ చెయ్యాలంటే బాయిలర్ల ఊకనే కాలుస్తరు గదా, ఆ బూడిద నల్లగ సన్నగ గాలిల తేలుకుంట తేలుకుంట వచ్చి నీ మీదనే వాల్తది. అంటే సేటు మిల్లు పైసలతోని నిన్ను కొన్నడు, మిల్లు బూడిద నీ మీద పోస్తున్నడు, అది తుడవనీకి మళ్ల మిల్లు పైసలే మాకిస్తున్నడు, ఎకానమీ అంటే ఇదే అనుకుంట. ఇగ వెలుతురు సంగతా. ఏప్రిల్ వస్తే మా నల్లగొండ ఎండ తెల్సుగా, హాలు ఇటుక బట్టీ అయితది, అందుకని నీకు మోటరు కర్టెన్లు పెట్టిచ్చిన్రు, బటన్ నొక్కితే జుయ్యిమని మూస్కుంటయ్, లోపల లైట్లు ఏస్కొని ఏసీలు ఏస్కొని కూసుంటరు. గోడ కట్టినా గంతే గదా అని ఒకసారి నోరు జారిన. మా ఓనరన్న నా కాలు తొక్కిండు.

పని గురించి చెప్తా, ఎందుకంటే ఇది నీకు కూడ తెల్వది, నువ్వు అవతలికి చూస్తుంటవ్ గాని నిన్ను తుడిచేటోని దిక్కు ఎప్పుడు చూసినవ్. అందరు అనుకుంటరు అద్దం తుడుచుడు అంటే పాత పేపరు, ఒక సీసాల నీలం నీళ్లు. ఇంట్ల కిటికీకి అయితది, నీకు కాదు. నీకు ముందు మాప్‌తోని సబ్బునీళ్లు రుద్దాలె, రుద్దంగనే స్క్వీజీతోని, అంటే పిడికి రబ్బరు అంచు బిగిచ్చిన దాంతోని, పైకెల్లి పాము లెక్క మెలికలు తిప్పుకుంట ఒక్క పట్టున లాగాలె, నడుమల చెయ్యి ఆగిందా అక్కడ గీత పడ్తది, గీత పడ్డదా కథ మొదటికొస్తది. రబ్బరు అంచుల చిన్న కోత ఉన్నా చాలు, పైనుంచి కిందిదాంక సన్నని నీటిగీత వస్తనే ఉంటది, తుడిచినా కొద్ది వస్తది. ఈ స్క్వీజీ ఇప్పుడున్న రూపానికి తెచ్చింది ఎట్టోరే స్టెకోనే అని ఒకాయన, ఇటలీ నుంచి అమెరికాకు బతకపోయి అద్దాలు తుడిచేటోడంట, 1936ల ఓక్లాండ్‌ల తన గ్యారేజీలనే ఇత్తడితోని తేలికది చేసిండు, అంతకుముందు ఉన్నయి బరువైన ఉక్కువి. వలస పోయినోడు గదా, చెయ్యి నొప్పి తెల్సినోడు, అందుకే కుదిరింది. మా టీంల నారాయణపేట దిక్కు పిల్లగాడు ఉన్నడు, వాళ్ల తాత బొంబాయిల మట్టి పని, నాయిన పూనాల సెంట్రింగు, వీడు నీ మీద తాడుకు ఏలాడ్తడు. మూడు తరాలల్ల పాలమూరు లేబర్ మట్టిల నుంచి ఆకాశానికి పోయిండు చూడు, డెవలప్‌మెంట్ అంటే ఇదే కాదా.

మధ్యల ఇంకోటి, సీరియస్ మాట, ఎవలన్న ఇల్లు కట్టుకునేటోళ్లు చదువుతుంటే, అద్దం మీద తెల్ల మరకకు బాత్రూం యాసిడ్ పోయకున్రి. మరక పోతదో లేదో, కారిన యాసిడ్ కింద అల్యూమినియం ఫ్రేమును తింటది, మార్బుల్‌ను తింటది, తర్వాత మమ్మల్ని పిలిచి ఇదేంది అంటే మేమేం చెప్తం. బ్లేడుతోని గీకుడు కూడ అంతే, టఫెన్డ్ అద్దం మీద గీత పడితే అది చచ్చేదాంక ఉంటది.

ఇగ అసలు ముచ్చట. నీళ్లు.

మొదటిసారి నీ దగ్గరికి వచ్చిన్నాడు మాకు ఇంత తెలివి లేదు. మే నెల, పన్నెండు గంటల ఎండ, బంగ్లా బోరు నీళ్లే పైపు పెట్టి కొట్టినం. అద్దం కాలుతున్నది, రబ్బరు పెట్టేలోపల్నే నీళ్లు ఆరిపోతున్నయ్. దిగి చూస్తే ఏముంది, నిలువెల్ల తెల్ల చుక్కలు, సంక్రాంతికి ముగ్గు పెట్టనీకి చుక్కలు ఏసి మధ్యల మర్చిపోయినట్టు. మేడం బయటికి వచ్చింది. ఏం అనలే. బొటనవేలు గోరుతోని ఒక చుక్కను గీకింది, గోరు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, లోపలికి పోయింది. ఆ రోజు కూలి రాలే. తర్వాత తెల్సింది ఏందంటే నీళ్లు ఆవిరై పోతయ్ గాని అందులున్న కాల్షియం, మెగ్నీషియం పోవు, నీ మీదనే కూసుంటయ్. మీటరు కొనుక్కొచ్చి ఆ బోరు నీళ్లల్ల ముంచితే టీడీఎస్, అంటే నీళ్లల్ల కరిగిన ఉప్పుల లెక్క, 1100 దాటింది. మనిషి తాగే నీళ్లు 500 లోపల ఉండాలె అని సర్కారు ప్రమాణం, వేరే దిక్కు లేకుంటే 2000 దాంక సర్దుకోమంటది. మరి నీకెంత ఉండాలె? పది లోపల. సున్నా అయితే ఇంకా మంచిది. సున్నా నీళ్లైతే తుడవకున్నా సరే, పోల్‌తోని బ్రష్ కొట్టి కడిగి ఇడిసిపెడితే ఆరినంక చుక్క ఉండది.

అప్పటిసంది నీ కోసం ఆర్వో, దాని మీద ఇంకో రెజిన్ ఫిల్టరు, నీలం డ్రమ్ముల మీద డ్రమ్ములు నింపుకొని ఆటోల ఏస్కొని వస్తున్నం. ఆర్వో అంటే ఒక బిందె మంచినీళ్లకు రెండు మూడు బిందెలు మోరీల పోతయ్, పోనీ.

మాది మర్రిగూడ దిక్కు అద్దం దొరా. నీకు ఆ పేరు తెల్వది, నీళ్ల మీద చదివినోళ్లకు తెల్సు. మా జిల్లా పేరు మీద ప్రపంచంల ఒక టెక్నికే ఉన్నది, నల్లగొండ టెక్నిక్, నాగ్‌పూర్‌ల నీరి సంస్థ వాళ్లు 1970లల్ల కనిపెట్టింది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లల్ల బొక్కలు వంచే ఫ్లోరైడ్ దింపుడు. ఊరి పేరు బిర్యానీ మీద ఉంటది, చీర మీద ఉంటది, మాది రోగం మందు మీద ఉన్నది. లీటరుకు ఒక మిల్లీగ్రాము, ఎంత గతిలేకున్నా ఒకటిన్నర, అంతకు మించొద్దు అన్నరు, మా ఊరి బోరు అది ఎన్నడో దాటింది. సాగర్ డ్యాం మా జిల్లాలనే, 1955ల పునాదిరాయి ఏసిన్రు, 1967ల కాలువలకు నీళ్లు ఇడిసిన్రు, ఎడమ కాలువ ఇటు మిర్యాలగూడ దిక్కు వచ్చింది, వరి వచ్చింది, మిల్లులు వచ్చినయ్, మిల్లుల ఎన్క నువ్వొచ్చినవ్. మా దిక్కు మెట్ట, కాలువ ఎక్కలే, బోర్లు లోతుకు పోయినా కొద్ది రాయి నీళ్లు వచ్చినయ్. ఏ రాయి అంటవా, గ్రానైట్. సేటు బంగ్లా మెట్లకు పాలిష్ కొట్టి పరిచిన్రే, ఆ జాతి రాయే. ఇంకో తమాషా ఏందంటే గాజును కరగబెట్టే యాసిడ్ హైడ్రోఫ్లోరిక్ అంట, అంటే నువ్వు భయపడేది, మా నాయినమ్మ బొక్కలు వంచింది, ఒక్క ఇంటివే.

మా నాయినమ్మ మెడ తిప్పలేదు. ఎన్కకెల్లి పిలిస్తే మొత్తం మనిషి తిరగాలె. మోకాళ్లు రెండు దిక్కులకు వంగినయ్. 2015ల చౌటుప్పల్‌ల తాగునీళ్ల పథకం పైలాన్ లేపిన్రు, తర్వాత నల్లా నీళ్లు వచ్చినయ్, మంచిదే, కాదనం, గని నీళ్లు మారినయని వంగిన బొక్క సక్కగ కాదు గదా.

పోయిన నెల పని అయినంక డ్రమ్ముల సగం నీళ్లు మిగిల్తే పారబోయ బుద్ధి కాక ఇంటికి తీస్కపోయిన. నాయినమ్మా, ఇవి చూడు, ఇంతకన్న సుద్ధమైన నీళ్లు మన మండలంలనే లేవు, మీటరు సున్నా చూపిస్తది అన్న. చెంబుల పోసిస్తే వంగిన మెడతోని అట్లనే కొద్దిగ తాగింది. నోట్ల తిప్పింది. "థూ, చప్పగున్నయ్‌రా. ఎవ్వలికి పోస్తర్రా ఇవి?" అన్నది. అద్దానికే నాయినమ్మా అన్న. నమ్మలే. నేను ఎకసెక్కాలు ఆడుతున్న అనుకొని చెంబు నా చేతుల పెట్టింది.

సరే ఆ ముచ్చట ఇడిసిపెడ్త, నువ్వు చల్లగుండాలె. నీ ఇంట్లోళ్ల మీద రెండు కంప్లైంట్లు ఉన్నయ్, చెప్పి ముగిస్త. పైన బెడ్రూంల నీ తమ్ముళ్లు ఉన్నరు, రెండు అద్దాల నడుమ గాలి మూసి సీల్ ఏసిన జాతి, అందుల ఒకనికి సీల్ పోయి నడుమల ఆవిరి పట్టింది. దాన్ని లోపల్నుంచి తుడిచినం, బయట్నుంచి తుడిచినం, అది నడుమల ఉన్నది మేడం, యూనిట్ మార్చాలె అన్నం. "మీకు చాతకాదని చెప్పున్రి" అన్నది. ఇప్పటికి నాలుగుసార్లు తుడిచినం, రెండు దిక్కుల.

రెండోది బొట్టు. పోయిన శ్రావణంల సేటు వాళ్లమ్మ నీ కింది ముక్కకు, సరిగ్గ నడుమల, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. పెద్దమనిషి, ఇంటికి సింహద్వారం ఏదో, అద్దం ఏదో అర్థం కాలే ఆమెకు, అంత పెద్దగున్నది కాబట్టి ఇదే అనుకున్నది. మేడం మమ్మల్ని పిలిచి మెల్లగ, ఆ మరక తియ్యిన్రి, ఫొటోలల్ల ఖరాబు అనిపిస్తుంది అన్నది. నేను స్క్వీజీ ఎత్తిన. ఎన్కకెల్లి ముసలమ్మ కేక, "ఏందిరో కొడుకా, నిండింట్ల బొట్టు తుడుస్తవారా?" చెయ్యి గాలిలనే ఆగింది. ఇటు కోడలు కండ్లతోని తుడువు అంటున్నది, అటు అత్త కట్టె పట్టుకొని నిలబడ్డది, నడుమల నువ్వు, నీల నేను, నా మొకం మీద సరిగ్గ నుదుటి కాడ ఆమె పెట్టిన బొట్టు. అప్పటిసంది నేను నిన్ను తుడుస్తున్న గాని ఆ బొట్టు చుట్టూ అరచేయంత జాగ ఇడిసిపెడ్తున్న. మేడం అడిగితే కెమికల్ లేదంట, ముసలమ్మ అడిగితే దండం పెడ్త.

ఇట్లు,
నీ ఎదురుంగ తాడుకు ఏలాడేటోడు.

తా.క. సాగర్ దిక్కుకెల్లి మబ్బు లేస్తున్నది, గాలి కూడ మిల్లు మీదికెల్లే వస్తున్నది. సేటు ఫోన్‌పే కొట్టేదాంక అరగంట ఓపిక పట్టు.