రాజైతే చుట్టం, కూలైతే పరాయి

2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ రాజవంశ వారసుడు కమల్ చంద్ర భంజ్‌దేవ్ వస్తే ఓరుగల్లు ఆయనను ఇంటి అల్లుడిలా చూసుకుంది. ఏడు వందల ఏళ్ల కింద విడిపోయిన నెత్తురు తిరిగొచ్చిందని అందరం మురిసిపోయాం. 1323లో కోట ఢిల్లీ సుల్తానుల పాలయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని ఆ వంశం చెప్పుకుంటుంది. దంతెవాడలోని 1703 నాటి శాసనంలోనూ ఆ మాట ఉంది. వంశవృక్షంలో ఏ కొమ్మ ఎంత నిజమో చరిత్రకారులు తేల్చుకోనీ. ఆ బంధుత్వం రాజుగారితోనే ఎందుకు ఆగిపోతోందన్నది మా ప్రశ్న.

ఎందుకంటే అదే బస్తర్ నుంచి, కొందరైతే అదే గోదావరి దాటి ఏటా మిర్చి ఏరడానికి కూలీలు వస్తారు. వాజేడు, వెంకటాపురం, ఏటూరునాగారం, మంగపేట చేలల్లో వేసవి ముందు వాళ్లను చూడని రైతు లేడు. చేలో దిగేముందు ఆడవాళ్లు వేళ్లకు పాతగుడ్డ పేలికలు చుట్టుకుంటారు. ఘాటు గోళ్ల సందుల్లోకి దిగితే ఆ రాత్రికి నిద్ర ఉండదు మరి. గట్టు మీద టార్పాలిన్ కిందే కాపురం. మూడు రాళ్ల పొయ్యి, మసిబారిన అల్యూమినియం గిన్నె, చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల. ఎన్ని కిలోలు ఏరారో, ఎంత కూలి వచ్చిందో మేస్త్రీ నోట వినాల్సిందే. ఆ కాయే కల్లంలో ఎండి, బస్తాలకెక్కి ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే, గర్వపడదాం. మిర్చికైతే ఊరు పేరు రాసిచ్చాం. దాన్ని ఏరినవాళ్ల ఊరు పేరు మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ కనపడదు.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడ్డప్పుడు ములుగు జిల్లా పేరూరు మిర్చి చేల నుంచి ఒక ముఠా ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని తమ ఊరికి నడక పట్టింది. బస్సుల్లేవు, రోడ్డెక్కితే పోలీసులు. అడవి దారిన మూడు రోజులు నడిచారు. ఊరు ఇంకాస్త దూరంలో ఉందనగా ముఠాలోని పన్నెండేళ్ల ఆడపిల్ల కుప్పకూలి చనిపోయింది. ఆ వయసు పిల్ల బడి మాని మన చేలల్లో ఎందుకుందని అప్పుడు కొన్నాళ్లు అడిగాం. తర్వాత మరిచిపోయాం. మేమూ మరిచిపోయాం.

గోదావరి మొదటి నుంచీ సరిహద్దేమీ కాదు. ఎడమ గట్టు తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషు వాళ్లకు అప్పగించాకే అది సరిహద్దయింది. ఇవాళ ములుగు జిల్లాలో ఉన్న నూగూరు వెంకటాపురం 1909లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న సిరొంచలాగే సెంట్రల్ ప్రావిన్సెస్ కిందే ఉండేది. కచేరీలు మారాయి, మనుషులు మారలేదు. భాష సంగతి చూసినా గోండీ, కోయ భాషలు తెలుగుకు అక్కచెల్లెళ్లు. వంశం లెక్కన తమిళం కన్నా దగ్గరి చుట్టాలు. గోండీలో నీళ్లను ఏర్ అంటారు. మనకది పారే ఏరు. అయినా గోండీ చెవిన పడితే పరాయి భాష విన్నట్టు మొహం పెడతాం.

మేడారంలో ఈ తేడా ఉండదు. జంపన్న వాగులో మునిగేవాళ్లలో ఎవరు తెలంగాణ, ఎవరు ఛత్తీస్‌గఢ్, ఎవరు గడ్చిరోలి అని అడిగేవాడు లేడు. అందరి నెత్తినా అదే బంగారం, అదే బెల్లం. తమాషా ఏమిటంటే, కాకతీయ సైన్యాన్ని ఎదిరించి ప్రాణమిచ్చిన తల్లులకు మేడారంలో మొక్కుతాం, ఆ కాకతీయులకే వరంగల్‌లో ఉత్సవం చేస్తాం. రెండూ మనవే అనుకునే పెద్ద మనసు మనకుంది. జాతర అయిపోయి వనదేవతలు అడవికెళ్లాక ఆ మనసు కూడా వాళ్ల వెంటే వెళ్లిపోతుందేమో!

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. తలదాచుకోవడానికి మన అడవుల్లోకి వచ్చినవాళ్లను గొత్తికోయలని పిలుచుకున్నాం. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుంను తప్పుపట్టింది. కానీ తగలబడ్డ ఇల్లు తీర్పుతో తిరిగి లేవదు కదా. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకే పట్టా అంటుంది. ఇల్లు కాలి వచ్చినవాడు తేదీ చూసుకుని రాలేదు. అక్కడ ఎస్టీ అయినవాడు ఇక్కడికొస్తే ఎస్టీ కాడు. ఆ కాగితం లేక హాస్టల్ సీటు దగ్గర పిల్లలు ఆగిపోతున్నారు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచ గూడేన్ని కూల్చినప్పుడు చెట్లకు కట్టేసిన మనుషుల కథనాలు ఈ జిల్లా అంతా చదివింది.

అడవి తరిగిపోతోందన్న అధికారుల బాధ అబద్ధం కాదు. 2022 నవంబరులో భద్రాద్రి జిల్లాలో పోడు గొడవల మధ్య గొత్తికోయల చేతిలో ఒక రేంజి అధికారి ప్రాణమే పోయింది. దాన్ని సమర్థించే నోరు ఎవరికీ ఉండకూడదు. అయితే ఒక హత్యకు ఒక జాతినంతటినీ ఊరవతల నిలబెట్టడం కూడా న్యాయం కాదు.

ఇన్నాళ్లూ ఆ గట్టుతో మన వ్యవహారం పోలీసులే నడిపారు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద మావోయిస్టులపై సాగిన ఆపరేషన్ చూశాక ఆ అధ్యాయం ముగింపుకొస్తోందని కేంద్రం, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు అన్నాయి. ముగిస్తే సంతోషమే. తుపాకీ పోయిన చోటికి ఎవరు వెళతారు? మహారాష్ట్ర వైపు అనుభవం చూస్తే ఇంజనీర్లు వెళ్లారు. 2016లో ముంబయిలో ఒప్పందం, ఆపై మేడిగడ్డ బ్యారేజీ. పొలం మునిగిందని సిరొంచ రైతు మొత్తుకున్నప్పుడు మన దగ్గర పెద్దగా చెవిన పెట్టినవాళ్లు లేరు. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక మాత్రం రాష్ట్రమంతా అటు పరుగెత్తింది.

ఇకనైనా బడి పంతులు, నర్సు, కార్మిక శాఖ గుమస్తా వెళ్లాలి. అంతర్రాష్ట్ర వలస కూలీలకు 1979లోనే చట్టం చేశారు. మేస్త్రీకి లైసెన్సు, కూలీల పట్టిక, రానుపోను ఖర్చు అన్నీ అందులో రాసి ఉన్నవే. ఇప్పుడవి కొత్త కార్మిక కోడ్‌లో చేరాయి. అమలుకు కావలసింది వాజేడు దగ్గర ఒక బల్ల, ఒక రిజిస్టర్, గోండీ తెలిసిన ఒక మనిషి. పిల్లల కుల ధ్రువీకరణపై హైదరాబాద్, రాయ్‌పూర్ కలిసి కూర్చుంటే తేలని చిక్కేమీ కాదు. గూడెంలో అంగన్‌వాడీకి పట్టాతో పని లేదు, పిల్లలుంటే చాలు. ముల్లకట్ట వంతెన మీదుగా కూలీల ట్రాక్టర్లు మళ్లీ వచ్చేది మొదటి ఏరుడుకే. ఆ బల్ల అంతకుముందే అక్కడ పడాలి.